ఇవాళ రాలేదేమని అడిగేవాళ్లు



సెల్‌ఫోన్ ఆటల మాట వస్తే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. ఎంతసేపు? ఎన్ని గంటలు ఆడాడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, డేటా ఎంత అయిపోయింది? అడగాల్సిన మాటే. ఆట మాత్రం తన దగ్గరికి వచ్చినవాణ్ణి ముందుగా అడిగేది ఇంకోటి. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అని ఒక ఆట ఉంది. పొట్టిగా బీజీఎంఐ అంటారు, అలవాటు కొద్దీ పబ్జీ అనేవాళ్లూ ఉన్నారు. దాన్ని తెరిచి ఆట మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి. సోలోనా, డ్యుయోనా, స్క్వాడా? ఒక్కరే దిగుతారా, ఇద్దరా, నలుగురా? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ ఎంపిక గురించే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. వందమంది దాకా ఒకే విమానంలో వచ్చి ఒక దీవి మీద పారాచూట్లతో దూకుతారు. కనిపించిన ఇళ్లల్లో దూరి తుపాకులు, మందులు, హెల్మెట్లు ఏరుకుంటారు. దాన్ని లూట్ అంటారు. సమయం గడిచేకొద్దీ ఆడే చోటు చుట్టూ ఒక వలయం కుంచించుకుపోతూ వస్తుంది, అది జోన్. చివరిదాకా మిగిలినవాళ్లది గెలుపు. ఒక ఆట పూర్తి కావడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. స్క్వాడ్‌లో దెబ్బ తగిలి ప్రాణం అయిపోతే వెంటనే చావరు, నాక్ అవుతారు. నేల మీద పాకుతూ మైకులో కేకేస్తారు: ‘నాక్ అయిన, జర లేపు అన్నా!’ జట్టులో ఒకడు తన ప్రాణానికి తెగించి వచ్చి కొన్ని సెకన్లు పక్కన కూర్చుంటే లేస్తారు. అది రివైవ్. సోలోలో నాక్ అనేదే లేదు. ప్రాణం అయిపోతే ఆట అయిపోయినట్టే, లేపేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి.

మరి లేపేవాళ్లు ఉండే ఆట పక్కనే ఉండగా, కోరి సోలోకు వెళ్లేవాళ్లు ఎందుకు వెళుతున్నట్టు? అంత మంది మధ్యకు వచ్చి ఒంటరిగా ఆడటమేమిటి? అది ఒంటరితనమా, ఇంకేమైనానా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మా ప్రాంతం బాగా పనికొస్తుంది. హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో నంబర్ల వీధులున్నాయి. వాటిల్లో పాత బంగళాలు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. అపార్ట్‌మెంట్లో పదో తరగతి పిల్లవాడికి విడిగా ఒక గది ఉంటుంది. తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆడుతుంటాడు. బయటినుంచి చూసే అమ్మకు కొడుకు ఒంటరిగా ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల అతను ముగ్గురితో ఎడతెగకుండా మాట్లాడుతున్నాడు. ఒకడు తన క్లాసువాడే, ఒకడు కూకట్‌పల్లిలో ఉండే మేనత్త కొడుకు, మూడోవాడు ఎవరో, ఎక్కడివాడో.

అక్కణ్నుంచి నారాయణగూడ చౌరస్తా మీదుగా చిక్కడపల్లి వెళ్లి, అశోక్‌నగర్ గల్లీల్లోకి తిరగండి. కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు, అంతస్తుల మీద అంతస్తులుగా హాస్టళ్లు. ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి గ్రూప్స్ పరీక్షల కోసం వచ్చిన వాళ్లు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు చొప్పున ఉంటారు. మంచానికీ మంచానికీ మధ్య మనిషి నడిచేంత చోటు దొరికితే గొప్ప. అంతమంది మధ్య, రాత్రి పదిన్నరకు పుస్తకం మూసి, గోడవైపు తిరిగి పడుకుని, మైక్ ఆఫ్ చేసి సోలో ఆడుకునే కుర్రవాళ్లున్నారు. గదిలో నలుగురున్నారు, ఆటలో అతనొక్కడే.

ఈ ఇద్దరిలో ఒంటరివాడెవరు? గదిని బట్టి చెబితే ఒక జవాబు, ఆటను బట్టి చెబితే దానికి సరిగ్గా వ్యతిరేకం. అంటే సోలో, స్క్వాడ్ అనే బోర్డులు చూసి మనిషి ఒంటరివాడా కాదా అని తేల్చలేం అన్నమాట.

ఇంకొంచెం ముందుకు వెళితే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పొద్దున్నే వచ్చి చోటు పట్టుకోకపోతే కూర్చోవడానికి దొరకదు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా తీయరు. తమ సంచిలో తమ మెటీరియల్ తెచ్చుకుంటారు, పొద్దంతా దాన్నే చదువుకుంటారు. ఆ పని హాస్టల్ మంచం మీద చేయొచ్చు. మరి ఎందుకు వస్తారు? పక్కన ఇంకొకడు తలవంచి చదువుతుంటే మనకూ చదవబుద్ధి అవుతుంది. ఎదుటివాడు లేచేదాకా లేవకూడదని ఒక పంతం ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, కానీ అందరూ ఉండాలి. చదువు ఎవరిది వాళ్లదే. పైగా ఆ పక్కవాడు రేపు అదే పోస్టుకు పోటీ. అయినా అతను పక్కన ఉండటమే బలం. సోలో ఆటగాడు వందమంది ఉన్న దీవికి వెళ్లి ఒంటరిగా ఆడటం కూడా ఇలాంటిదేనని నా అభిప్రాయం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఇలాంటి ఆటల మీద 2006లో ఒక పేరున్న పరిశోధన వచ్చింది. అమెరికాలో పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి చెందిన నికొలా డ్యుషనో, నిక్ యీ, వాళ్ల సహచరులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటను పరిశీలించారు. 2004 నవంబర్‌లో విడుదలైన ఆట అది. ఒకే లోకంలో వేలమంది ఏళ్ల తరబడి తమ పాత్రలను పెంచుకుంటూ పోతారు. అందరూ దాన్ని కలిసి ఆడే ఆటగా చెప్పుకునేవారు. ఈ పరిశోధకులు లక్షకు పైగా పాత్రల కదలికలను నమోదు చేసి చూస్తే, ఆటగాళ్లు ఎక్కువ కాలం ఒంటరిగానే తిరుగుతున్నారని తేలింది. ఆట చివరి దశలకు చేరాక, గుంపు లేకపోతే ముందుకు కదలనప్పుడు మాత్రమే గుంపు కడుతున్నారు. అలాంటప్పుడు మిగతా వేలమంది ఎందుకు? దానికి వాళ్లు చెప్పిన జవాబు ఆసక్తికరంగా ఉంటుంది. ఆ మిగతావాళ్లు ప్రేక్షకులు. ఆటగాడు కష్టపడి సంపాదించిన కవచాన్ని చూసేవాళ్లు. అదే సమయంలో వాళ్లే తనకు వేడుక కూడా. ఊరు నిండుగా ఉందన్న భరోసా కూడా వాళ్లే.

ఒంటరి ఆటగాడికి ప్రేక్షకులు కావాలన్న మాట వినడానికి వింతగా ఉంటుంది కానీ, మన పిల్లల ఆటల్లోనే సాక్ష్యాలున్నాయి. యూట్యూబ్‌లో బీజీఎంఐ వీడియోలు చూసేవాళ్లను అడగండి, ‘సోలో వర్సెస్ స్క్వాడ్’ అంటే ఏమిటో చెబుతారు. నలుగురేసి జట్లు దిగే ఆటలోకి ఒక్కడే దిగి, జట్లకు జట్లనే పడగొట్టడం. అది ఒంటరితనం కాదు, పద్మవ్యూహంలోకి దిగే సరదా. చూసేవాళ్లు లేకపోతే ఆ సరదా సగం అయిపోతుంది.

ఇంకో ఉదాహరణ ఇంగ్లండ్ నుంచి చెబుతాను. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే పాత ఆటలో ఆటగాళ్లు ఒకరికొకరు వస్తువులు అమ్ముకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. కొందరు ఆ సాయం మాకొద్దు, ప్రతిదీ మా చేతులతోనే సంపాదించుకుంటాం అని తమకు తామే నియమం పెట్టుకున్నారు. చూసి చూసి 2014లో ఆట నడిపేవాళ్లే దాన్ని ఐరన్‌మ్యాన్ అనే పద్ధతిగా పెట్టారు. ఎవరి సాయమూ తీసుకోని ఆ వ్రతధారి పేరు పక్కన చిన్న శిరస్త్రాణం గుర్తు కనిపిస్తుంది. ఎవరికి కనిపిస్తుంది? అందరికీ. అదే దాని అందం. ఆ తర్వాత 2021లో, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా కలిసి అలాంటి నియమంతో ఆడుకునే పద్ధతి కూడా వచ్చింది. ఒంటరి వ్రతానికి తోడు కావలసివచ్చింది.

సరే, ఒంటరిగా ఆడటానికి గల కారణాలన్నీ ఇంత సరదావి కావు. కొన్ని చేదువి ఉన్నాయి.

మొదటిది నింద. నలుగురి ఆటలో ఒకడి తప్పు నలుగురికీ చుట్టుకుంటుంది. తప్పు చోట దూకావు, తుపాకీ పేల్చి మన జాగా బయటపెట్టావు, లేపడానికి ఎందుకు రాలేదు అని తిట్లు. పగలంతా మాక్ టెస్టుల్లో మార్కులు లెక్కపెట్టుకుని, ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో ఫలితం చెప్పుకుని అలసిపోయినవాడికి రాత్రి ఆటలో కూడా ఇంకొకరికి సంజాయిషీ ఇచ్చే ఓపిక ఉండదు. సోలోలో ఓడితే ఓడాం. అడిగేవాడు లేడు. ఆ ‘అడిగేవాడు లేడు’ అన్న హాయి కోసం వచ్చేవాళ్లు అశోక్‌నగర్‌లో తక్కువేమీ కాదనుకుంటాను.

రెండోది భాష. స్క్వాడ్‌లో నలుగురు దొరకకపోతే ఆటే ఎవరినో తెచ్చి కలుపుతుంది. వాళ్లను ర్యాండమ్స్ అంటారు. ఒకడు పాట్నా నుంచి కావచ్చు, ఒకడు సూరత్ నుంచి కావచ్చు. హిందీ గడగడా మాట్లాడితే సరే. నాలుక తడబడితే వెక్కిరింపు మొదలవుతుంది. అందుకని మైక్ మూసేసేవాళ్లు కొందరు, అసలు స్క్వాడే మానేసేవాళ్లు కొందరు. దీనికే ఇంకో ముఖమూ ఉంది. ఈ ఆటల పుణ్యమాని ధారాళంగా హిందీ పట్టుబడిన పిల్లలూ ఉన్నారు.

మూడోది అన్నిటికన్నా చేదు. అమ్మాయి గొంతు వినగానే మైకులో భాష మారిపోతుంది. అసభ్యంగా మాట్లాడేవాళ్లు, నంబర్ అడిగేవాళ్లు, ఆట ఆపి వెంటపడేవాళ్లు. అందుకే ఆడే అమ్మాయిల్లో చాలామంది మగపేరు పెట్టుకుంటారు, మైక్ తీయరు, లేదా తెలిసినవాళ్లు ఉంటేనే స్క్వాడ్‌కు వస్తారు. వీళ్లు సోలోను ఎంచుకున్నారు అనడం కన్నా, సోలోలోకి నెట్టబడ్డారు అనడం న్యాయం. ఒకే మీట నొక్కినా, ఒకరు ఇష్టపడి నొక్కారు, ఒకరు గత్యంతరం లేక నొక్కారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు ఆటలు తయారుచేసేవాళ్ల వైపునుంచి చూద్దాం. నలుగురు కలిసి ఆడే కంప్యూటర్ లోకాలకు ఒక ముఖ్యమైన పునాది 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పడింది. రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ అనే విద్యార్థులు మడ్ అనే ఆటను రాశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అదే బార్టల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీసి ఒక వ్యాసం రాశాడు. మెట్లు ఎక్కాలనుకునేవాళ్లు, లోకం చుట్టి చూడాలనుకునేవాళ్లు, ఎదుటివాణ్ణి పడగొట్టాలనుకునేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు. నాలుగు రకాల్లో కబుర్ల కోసమే వచ్చేవాళ్లు ఒక్క రకం. అయినా మిగతా మూడు రకాలవాళ్లూ నలుగురున్న చోటికే వస్తున్నారని గమనించండి.

తొలిరోజుల్లో ఈ ఆటలు మనుషులను బలవంతంగా కలిపేవి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదట్లో పెద్ద దాడి చేయాలంటే 40 మంది కావాలి. 40 మందిని ఒకే రాత్రి, ఒకే వేళకు కూర్చోబెట్టాలంటే మాటలా? అందుకోసం గిల్డులు కట్టుకున్నారు. ఎవరికి పరీక్షలు, ఎవరి ఇంట్లో పెళ్లి, ఎవరికి రాత్రి డ్యూటీ, అన్నీ తెలిసి ఉండాలి. గాయాలు మాన్పేవాడు రాకపోతే ఆ రాత్రి ఆట ఆగిపోయేది. వాడికి ఫోన్లు వెళ్లేవి. విసుగు పుట్టించే పద్ధతే. కానీ ఆ విసుగులోనే ఒకరికొకరు అవసరమయ్యారు.

తర్వాత ఆటగాళ్లు విసిగిపోయారు, తయారీదార్లు సుళువు చేశారు. 2009 డిసెంబర్‌లో అదే ఆటలో ఒక మీట వచ్చింది. నొక్కితే యంత్రమే ఎక్కడెక్కడివాళ్లనో ఏరి జట్టు కట్టి, దాడి చేయాల్సిన గుహలోకి దింపుతుంది. పని అయిపోగానే ఎవరి దారి వాళ్లది. పేరు అడగక్కర్లేదు. 2024 వచ్చేసరికి ఆ జట్టులో మనుషులు కూడా అక్కర్లేకుండా పోయింది. కొన్ని గుహల్లోకి యంత్రం నడిపే తోడుగాళ్లనే వెంటపెట్టుకుని ఒక్కడే వెళ్లొచ్చు. పబ్జీలో కూడా 2020 నుంచి కంప్యూటర్, కన్సోల్ ఆటల్లో యంత్రం ఆడించే ఉత్తుత్తి ఆటగాళ్లను కలుపుతున్నారు. వాళ్లను బాట్ అంటారు. మీరు పడగొట్టింది మనిషినో బాట్‌నో తెలియని రోజులొచ్చాయి.

ఈ మార్పులో లాభం నిజమే. ఒక గంట తీరిక దొరికిన ఉద్యోగి ఎవరినీ బతిమాలకుండా ఆడుకోగలుగుతున్నాడు. పోయింది ఏమిటంటే, ఒకడు రాకపోతే ఆట ఆగే పరిస్థితి. ఇవాళ స్క్వాడ్‌లో నాలుగోవాడు రాకపోతే కొన్ని క్షణాల్లో యంత్రం ఇంకొకణ్ణి పెడుతుంది. ఆ కొత్తవాడు నలుగురిలోనే ఉన్నాడు, మైక్ ఆన్‌లోనే ఉంది, మాటలూ నడుస్తున్నాయి. అయినా రేపు వాడు లేకపోతే ఎవరికీ తెలియదు. ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. సోలో, స్క్వాడ్ అన్న తేడా కన్నా పెద్ద తేడా ఇది: మీరు రాకపోతే, ఏమైందని అడిగేవాళ్లు ఉన్నారా, లేరా?

లైబ్రరీలో చూడండి. నెలల తరబడి ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి ఒకరి పేరు ఒకరికి తెలియకపోవచ్చు. కానీ ఒకడు వరుసగా మూడు రోజులు రాకపోతే రెండోవాడు ఆ కుర్చీ వైపు చూస్తాడు. నాలుగోరోజు వస్తే, ‘ఏమైంది బ్రో, జ్వరమా?’ అంటాడు. అంత చిన్న మాట. ఊరికి దూరంగా, ఇంకా ఫలితం రాని పరీక్ష కోసం రోజులు నెట్టుకొస్తున్నవాడికి ఆ మాట విలువ ఎంతో మనం ఊహించుకోవచ్చు.

ఆటల్లో ఈ సంగతి మనదేశంలో ఒకసారి గట్టిగా పరీక్షకు నిలబడింది. పబ్జీ మొబైల్ 2018లో వచ్చింది. అప్పటికి జియో పుణ్యాన డేటా చవకైంది, ఊరూరా నాలుగేసి కుర్రాళ్లు జట్టు కట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూతపడ్డాక, ఊళ్లకు వెళ్లిపోయిన విద్యార్థులకు రాత్రి తొమ్మిదికి కలుసుకునే రచ్చబండ ఇదే అయింది. ఆ సెప్టెంబర్ 2న చైనా సంబంధాలున్న మరో 117 యాప్‌లతో కలిపి కేంద్ర ప్రభుత్వం దీన్ని నిషేధించింది. అక్టోబర్ 30తో సర్వర్లు కూడా ఆగిపోయాయి. 2021 జూలైలో కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ పేరుతో మళ్లీ తెచ్చింది. 2022 జూలైలో అది కూడా ప్లే స్టోర్ నుంచి మాయమైంది. 2023 మే నెలలో మూడు నెలల పరీక్ష మీద తిరిగి అనుమతి దొరికింది.

ఒక్కసారి ఆలోచించండి. ఏళ్లపాటు రోజూ మాట్లాడుకున్న నలుగురు. అక్టోబర్ 31 పొద్దున వాళ్లకు కలిసే చోటు లేదు. ఆటలో పెట్టుకున్న మారుపేరు తప్ప వేరే గుర్తు తెలియనివాళ్లకు అక్కడితో సరి. ఆ మారుపేరుగల మనిషి ఏమయ్యాడో కనుక్కునే దారి లేదు. అసలు పేరు, ఊరు, ఫోన్ నంబర్ తెలిసినవాళ్లు ఇంకో ఆటలోకి కలిసే వెళ్లారు, లేదా ఆట లేకుండానే ఫోన్లు చేసుకున్నారు. ఆట వేళ నలుగురూ ఒకేలా కబుర్లాడారు. ఆట పోయాకే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసింది.

ఇక్కడ డబ్బు ఆటల గురించి రెండు మాటలు చెప్పకపోతే ప్రసంగం పూర్తికాదు. రమ్మీ ఒకప్పుడు నలుగురు ఒకే చాప మీద కూర్చుని ఆడే ఆట. ఎదుటివాడి కళ్లు, నవ్వు, చిరాకు అన్నీ అందులో భాగం. పోగొట్టుకుంటుంటే ‘ఇక చాలు లేరా’ అని చెయ్యి పట్టుకుని లేపేవాడూ అందులోనే ఉండేవాడు. అది ఫోన్‌లోకి వచ్చేసరికి ఆ చెయ్యి పోయింది. తెరమీద ఐదుగురున్నట్టే ఉంటుంది, కానీ అర్ధరాత్రి అప్పు చేసి ఆడుతున్నవాణ్ణి ఆపేవాళ్లు ఎవరూ లేరు. తెలంగాణ 2017లోనే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది. పేరుకు నలుగురి ఆట, పనికి నిలువెల్లా ఒంటరి ఆట ఏదైనా ఉందంటే అది ఈ డబ్బు ఆటే.

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? భయపడాల్సిందెప్పుడు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా తన జాబితాలో ఆమోదించింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. దానికి పెట్టిన గుర్తులు ఇవి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం. మామూలుగా ఇవి ఏడాది పాటు కొనసాగాలి. సోలో ఆడితే జబ్బు, స్క్వాడ్ ఆడితే ఆరోగ్యం అని ఎక్కడా లేదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో దాదాపు 39 వేల మంది ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలోనూ, ఆడిన గంటలకూ మనసు బాగోగులకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది ఎందుకు ఆడుతున్నారన్న దానితో. ఆడాలనిపించి ఆడేవాళ్లు బాగున్నారు, ఆడక తప్పదన్నట్టు ఆడేవాళ్లు అంత బాగా లేరు.

హిమాయత్‌నగర్ అమ్మలకూ నాన్నలకూ ఒక చిన్న సలహా. అన్నానికి పిలిస్తే పిల్లవాడు ‘ఐదు నిమిషాలు’ అంటాడని మీ ఫిర్యాదు. సోలో ఆడుతుంటే అతను ఆపేయగలడు, నష్టం అతనికొక్కడికే. స్క్వాడ్‌లో ఉంటే మధ్యలో వదిలేయడమంటే ముగ్గురిని నట్టేట వదలడం. ఆట మధ్యలో ఆపి ఉంచే వీలు లేదు. కాబట్టి ఆట మొదలుకాకముందే వేళ చెప్పండి: ఎనిమిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ వద్దు అని. అరగంటలో అది దానంతటదే అయిపోతుంది. మీ మాటా నిలుస్తుంది, అతని మాటా నిలుస్తుంది. బీజీఎంఐలో 18 ఏళ్ల లోపువాళ్లకు రోజుకు మూడు గంటల హద్దు ఉంది, పెద్దవాళ్ల ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ అడిగినప్పుడు విసుక్కుంటూ చెప్పేయకండి. ‘స్క్వాడ్‌లో ఎవరెవరున్నారు?’ అని అడగడానికి అంతకన్నా మంచి అదను లేదు. పేర్లు చెబితే ఒక తరహా. ‘ఎవరో ర్యాండమ్స్’ అంటే ఇంకో తరహా. రోజూ వచ్చే ముగ్గురిలో ఒకరిని ఆదివారం ఇంటికి భోజనానికి పిలవమనండి. రాగలిగినవాళ్లు వస్తారు. రాలేని దూరంలో ఉన్నవాళ్లు ఎవరో అప్పుడు మీకు కూడా తెలుస్తుంది.

అశోక్‌నగర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇంకో మాట. సోలో ఆడుతున్నందుకు సిగ్గుపడకండి. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని అరగంట మనిషికి అవసరమే. ఆ అరగంట మీ ఇష్టంతో తీసుకుంటున్నారా, మనుషుల్లోకి వెళ్లలేక తీసుకుంటున్నారా అన్నది మాత్రం మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాలి. రెండోది అయితే, ఒకే గదిలో ఉన్న ముగ్గురితో వారానికొక రాత్రి స్క్వాడ్ కట్టి చూడండి. ఒకే మంచం మీద కూర్చుని, మైక్ అవసరం లేకుండా, గట్టిగా అరుచుకుంటూ. పక్క గదివాళ్లు తిడతారు, తిట్టనివ్వండి.

ఇక ఏళ్లుగా ఎక్కడో దూరాన ఉన్నవాళ్లతో కలిసి ఆడుతున్న పెద్దవాళ్లు, నమ్మకం కుదిరినవాళ్ల అసలు పేరు, నంబర్ రాసి పెట్టుకోండి. పిల్లలైతే ఆ పని అమ్మానాన్నలకు చెప్పే చేయాలి. ఆటలు ఎప్పుడు మూతపడతాయో మన చేతుల్లో లేదు, ఆ సంగతి 2020లో చూశాం. ఒకరోజు మీ స్క్వాడ్‌లో నాలుగోవాడు రాకపోతే ర్యాండమ్‌ను తెచ్చే మీట నొక్కే ముందు వాడికొక ఫోన్ చేయండి. ఆట అరగంట ఆలస్యమైతే వచ్చే నష్టం లేదు.